తుడిచిన ఆకు

ఆ ఉదయం నేను చేసింది దుమ్ము తుడవడం, అంతే. పాత బనియను గుడ్డను తడిపి, పిండి, ఒక చిన్న మొక్క ఆకుల్ని ఒక్కొక్కటిగా తుడిచాను. అంతకన్నా అమాయకమైన పని ఇంకేముంటుంది? ఏడాది దాటింది. డాబా మీదికి వెళ్ళిన ప్రతిసారీ ఆ గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంటుంది.

యాకుత్‌పురా రైల్వే స్టేషను నుంచి నాలుగడుగుల దూరంలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోక తప్పని గల్లీలో మా ఇల్లు. ఇక్కడ దుమ్ముకు కొదవ లేదు. ఎమ్మెమ్టీఎస్ రైలు పోయినప్పుడల్లా కొంత, పక్కింటివాళ్ళు మరో అంతస్తు లేపుతుంటే కొంత, ఎవరి పుణ్యమో తెలియనిది ఇంకొంత. పొద్దున తుడిచిన కిటికీ చెక్క మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. 1986లో తెలుగు పండితుడిగా ఈ పాతబస్తీకి వచ్చినప్పటి నుంచీ ఈ దుమ్ముతో నాకు తగవు నడుస్తూనే ఉంది. తెల్లగా ఏది కనిపించినా చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెతుకుతుంది.

ఆ మొక్కను నిరుడు నా పుట్టినరోజుకు మా అమ్మాయి తెచ్చింది. గచ్చిబౌలిలో ఉద్యోగం, వారానికోసారి వస్తుంది. అరచేతిలో ఇమిడే కుండీ. అందులో మందపాటి ఆకులు చుట్టుచుట్టుగా, ఒకదాని సందులోంచి ఇంకొకటి తొంగిచూస్తూ, విచ్చిన గులాబీలా పేర్చుకుని ఉన్నాయి. పువ్వు కాదు, అంతా ఆకే. రంగు ఫలానా అని చెప్పడం కష్టం. బూడిద అందామంటే నీలం కనిపిస్తుంది, నీలం అందామంటే అంచున గులాబీ ఛాయ. ముత్యపుచిప్ప లోపలివైపు చూస్తే ఎలా ఉంటుందో అలా. "దీన్ని ఘోస్ట్ ప్లాంట్ అంటారు నాన్నా" అంది. దయ్యం మొక్కా! మా ఆవిడ ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దంది. అలా అన్న మనిషే గుమ్మం మీద వేళ్ళు పైకీ ఆకులు కిందికీ ఉండేలా కలబందను వేలాడదీసింది. మట్టీ నీళ్ళూ లేకుండా అది నెలల తరబడి పచ్చగా ఉంటే దిష్టి పోయినట్టు లెక్క. ఆకులో దాచుకున్న నీటితోనే అది బతుకుతుందని ఎన్నిసార్లు చెప్పినా, "అయితే ఏంటి, దిష్టి పోవడం లేదా?" అంటుంది. ఆ కలబందే ఇదీ, కాస్త వయ్యారం ఎక్కువ, అని సర్దిచెప్పి కొత్త మొక్కను డాబా మెట్ల పక్కన నీడలో పెట్టాను. వృక్షశాస్త్రంలో రెండూ వేర్వేరు కుటుంబాలు. ఆ మాట నాకు తర్వాత తెలిసింది.

దాని శాస్త్రీయ నామం గ్రాప్టోపెటలం పరాగ్వాయెన్సె. పేరులో పరాగ్వే ఉంది గానీ ఊరు పరాగ్వే కాదు. మెక్సికో ఈశాన్యాన టమౌలిపాస్ కొండరాళ్ళ మీద పుట్టింది. ఎక్కడి నుంచి వచ్చిందో సరిగా తెలియక 1914లో దక్షిణ అమెరికా దేశం పేరు తగిలించారు. తప్పని తేలాక కూడా, మొదట పెట్టిన పేరు కదా అని నియమం ప్రకారం అదే ఉంచేశారు. ఒకరు తొందరలో రాసిన మాట ఒక ప్రాణి నెత్తిన వందేళ్ళకు పైగా కూర్చుంది. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. నవ్వాల్సిన వాణ్ణి నేను కాదని అప్పటికి తెలియదు.

మే నెల. ఆకుల మీద తెల్లటి పొడి. పట్టాల వైపు నుంచి వచ్చిన దుమ్మే అనుకున్నాను. వేలితో ఒక ఆకును రాసి చూస్తే కింద నిగనిగలాడే ఆకుపచ్చ. సంతోషం వేసింది. కుదురుగా కూర్చుని ముప్పై దాకా ఆకులు తుడిచాను. రెండు మూడు రాలిపోయాయి, ఈ మొక్క ఆకులు కాస్త గట్టిగా తగిలితేనే ఊడొస్తాయి. మిగిలినవి కొత్తగా వార్నిషు వేసిన బొమ్మలా మెరిశాయి. ఇంత అందాన్ని నీడలో దాచడం దేనికని పిట్టగోడ మీద, పొద్దంతా ఎండ పడే చోట పెట్టాను. ఆ వారమంతా నలభై డిగ్రీలకు తగ్గలేదు. ఆరో రోజుకు పై ఆకుల మీద ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగు మచ్చలు. పదో రోజుకు అవి ముడుచుకుపోయి గుంటలు పడ్డాయి.

పక్క డాబా మీద మా పొరుగు ఖాలా మామిడి ముక్కలు ఎండబెడుతోంది. వాళ్ళాయన బతికున్న రోజుల్లో బండి మీద పళ్ళమ్మేవాడు. పిట్టగోడ మీంచి వంగి మొక్కను చూసింది, నన్ను చూసింది. తుడిచానని చెప్పాను, దుమ్ము పట్టిందని. "ధూల్ నైఁ జీ వో మాస్టర్ సాబ్, నూర్ హై. అంగూరాఁ పో రహ్తా నా, వైసాచ్" అంది. దుమ్ము కాదయ్యా, దాని కాంతి అది, ద్రాక్షపళ్ళ మీద ఉండదూ, అలాంటిదే, అని.

ద్రాక్షపళ్ళ సంగతి నాకు తెలియక కాదు. హైదరాబాదుకు వచ్చిన కొత్తలో అనాబ్-ఎ-షాహీ గుత్తుల్ని బండి మీద చూసి ఎలా ఏరుకోవాలో తెలియక నిలబడితే, ఎవరో చెప్పారు: పైన పొడి చెదరనిది కొను, నున్నగా మెరిసేవి పది చేతులు మారినవి. అప్పటి నుంచి అలాగే కొంటున్నాను. పండు మీద ఏది తాజాదనమో తెలిసినవాడికి ఆకు మీద అదే దుమ్ములా ఎందుకు కనిపించింది?

ఆ పొడి మొక్క తనకు తాను చేసుకునే మైనం. ఆకు పైపొరలోంచి ఊరి, కంటికి ఆననంత సన్నని పలుకులుగా పేరుకుంటుంది. ఎండను కొంత వెనక్కి కొడుతుంది, నీటిబొట్టును నిలవనివ్వదు, లోపలి తేమను పోనివ్వదు. రాయి మీద పుట్టిన మొక్కకు గొడుగూ అదే, గోడా అదే. ఎదిగిన ఆకు మీద ఒకసారి చెరిగిందంటే ఆ ఆకు దాన్ని మళ్ళీ మునుపటిలా పూసుకోలేదు. కొత్త ఆకులు మధ్యలోంచి పొడితోనే పుడతాయి. పాతవి వెలుపలికి జరుగుతూ, కిందికి దిగుతూ, చివరికి ఎండి రాలతాయి. తుడిచిన ఆకు బాగుపడదు, జరుగుతుంది, అంతే. కాబట్టి ఆ మొక్క మీద నా వేలిముద్రలు నెలల పాటు అలాగే ఉన్నాయి. ఒక్కో నెలా ఒక్కో వరస కిందికి దిగుతూ కనిపించాయి.

ఆ ముద్రల్ని చూస్తూ కూర్చున్న ఒక సాయంత్రం, ఎందుకో తెలియదు, 1992 నాటి ఒక నోటుపుస్తకం గుర్తొచ్చింది.

ఎనిమిదో తరగతి. వ్యాసం 'మా అమ్మ'. నలభైకి పైగా పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చి, భోజనం అయ్యాక ఎర్ర సిరా కలంతో కూర్చున్నాను. ఒక అమ్మాయి ఇలా మొదలుపెట్టింది: మా అవ్వ పొద్దుగాల్నే లేస్తది, వాకిట్ల సాన్పి చల్లుతది, నేను ముగ్గు ఏస్త, పనికి పోయే తొవ్వల కుక్కలుంటయి, అవ్వకు బుగులు లేదు, నాకుంది. ఇంకా నాలుగు పేజీలు రాసింది. మిగతావాళ్ళంతా గైడులోంచి ఎత్తి రాసిన 'అమ్మ ప్రత్యక్ష దైవము' మధ్య అది ఒక్కటే ఒక మనిషి గురించిన వ్యాసం. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ రాత్రి నా కంటికి కనిపించింది దుమ్ము. పొద్దుగాల్నే కొట్టేసి ఉదయమే అని రాశాను. సాన్పి కొట్టేసి కళ్ళాపి, తొవ్వ కొట్టేసి దారి, బుగులు కొట్టేసి భయం. అన్నిటికంటే పైన, మార్జిన్‌లో, కాస్త కోపంగా: 'అవ్వ గురించి కాదు, అమ్మ గురించి రాయమన్నాను.'

మా గోదావరి వైపు అవ్వ అంటే అమ్మ కన్నతల్లో నాన్న కన్నతల్లో. ఆ పిల్ల తల్లిదండ్రులు పాలమూరు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళింట్లో అవ్వ అంటే అమ్మే. ఆమె తల్లి గురించే నాలుగు పేజీలు రాసింది. నేను ఆమె తల్లిని కాదన్నాను.

మర్నాడు పుస్తకం తీసుకుని చూసుకుంది. ఏమీ అనలేదు. మళ్ళీ రాసుకొచ్చింది, ఒక్క పేజీ, గైడులోంచి. పదికి ఎనిమిది వేశాను. ఆ సంవత్సరం ఆమె తరగతిలో నోరు విప్పిన గుర్తు నాకు లేదు. పేరు పిలిస్తే లేచి, కంఠతా వచ్చిన పద్యం అప్పజెప్పి కూర్చునేది. తప్పుల్లేని పిల్ల అని స్టాఫ్‌రూమ్‌లో మెచ్చుకున్నాను కూడా. ఆమె మౌనానికి నేనే కారణమా? పదమూడేళ్ళ పిల్ల నోరు మూసుకోవడానికి ఇంట్లో, గల్లీలో వెయ్యి కారణాలుండొచ్చు. ఆ మౌనాన్ని మొత్తంగా నా ఖాతాలో వేసుకోవడం కూడా ఒక గొప్పకు పోవడమేనేమో. అయినా ఆ మార్జిన్‌లో రాత నాదే.

ఇంకో సంగతి చెప్పకపోతే నిజాయితీ కాదు. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి నాడు, మా బడిలో మైకు ముందు మాట్లాడేది నేనే. జనం నోట్లో బతికే భాషకు పుస్తకాల్లో చోటు కావాలని ఆయన ఎంత పోరాడాడో చెప్పేవాణ్ణి. సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశాడని చెప్పేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. దిగి వచ్చి కాఫీ తాగి ఎర్ర కలం తీసేవాణ్ణి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ నా కంటపడలేదు. నేను పదవీ విరమణ చేసిన 2014లోనే కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేశారు. ఆ రోజు ఉపన్యాసం ఇచ్చే అవకాశం నాకు రాలేదు. వచ్చుంటే అదీ బాగానే ఇచ్చేవాణ్ణి, అదే భయం.

మరి నా మాట మీది పొడి ఏమైంది? నేను పుట్టింది సామర్లకోటలో. మా ఇంట్లో అవునని చెప్పాలంటే 'ఆయ్' అనేవాళ్ళం, పెద్దవాళ్ళ ముందు 'ఆయ్ అండి'. ఇక్కడ స్టాఫ్‌రూమ్‌లో మొదటి వారంలో ఒకాయన దాన్ని సాగదీసి పలికి అందర్నీ నవ్వించాడు. సరదాకే. నేనూ నవ్వాను. ఆ నెలాఖరుకల్లా నా నోట 'ఆయ్' లేదు. అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా రావడం మానేసింది. మా అమ్మ ఒకసారి "ఏంట్రా, రేడియోలో వార్తల్లాగా మాట్టాడతన్నావ్" అంది. మెప్పు అనుకున్నాను. మనల్ని తుడిచిన గుడ్డతోనే మనం ఇంకొకరిని తుడుస్తామేమో, ఆ గుడ్డ ఎప్పుడు చేతికొచ్చిందో కూడా తెలియకుండా.

నిరుడు జూలైలో యాకుత్‌పురాలో కాచిగూడ వైపు రైలెక్కాను. దబీర్‌పురా దాటాక ఎదుటి సీటులో ఉన్న ఆవిడ నన్నే చూస్తోంది. నలభై అయిదేళ్ళుంటాయి. పక్కన పన్నెండేళ్ళ కూతురు. "నమస్కారం మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?" అంది. సార్ అనడం ఆంగ్లమని, మాస్టారు అనాలని తరగతిలో పట్టుబట్టినవాణ్ణి నేనే. మాస్టారు మాత్రం ఏ భాషో నన్నెవరూ అడగలేదు. పేరు చెప్పింది. గుర్తుపట్టాను, ఆ పేరు అప్పటికి రెండు నెలలుగా నా తలలో తిరుగుతోంది. ఎలా ఉన్నావమ్మా అన్నాను. చంపాపేటలో ఉంటున్నామని, తన భర్త ఆటో విడిభాగాల దుకాణం నడుపుతున్నారని, పుట్టిల్లు ఇక్కడే కాబట్టి వస్తూ పోతూ ఉంటానని చెప్పింది. ప్రతి వాక్యం దిద్దినట్టుగా ఉంది, పాఠ్యపుస్తకంలోంచి తీసినట్టు. అమ్మ బాగున్నారా అని అడిగాను. "మా అమ్మగారు కాలం చేశారు మాస్టారూ. నాలుగేళ్ళయింది."

అమ్మగారు. ఆ మాట దగ్గర నాకు బదులు దొరకలేదు. కిటికీలోంచి మూసీ పోతోంది. వానల నీళ్ళు కొంచెం నురగ కొంచెం. కాచిగూడ వచ్చింది. ఆమె లేచి కూతురి భుజం మీద చెయ్యి వేసి, "జల్ది దిగు బిడ్డా, తొవ్వల నిలవడకు" అంది. వెంటనే నా వైపు తిరిగి, "వెళ్ళొస్తాను మాస్టారూ" అంది.

రెండు వాక్యాలకూ మధ్య అర నిమిషం కూడా లేదు. ఆమె భాష ఎక్కడికీ పోలేదు, చెక్కుచెదరకుండా కూతురి దగ్గర ఉంది. నా కోసం మాత్రం తుడిచిన ఆకు ఒకటి ముప్పై ఏళ్ళుగా విడిగా పెట్టుకుంది. దీనికి నేను ఊరట పడాలా, సిగ్గుపడాలా? ప్లాట్‌ఫారం మీద జనం పోయేదాకా నిలబడి ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా సామర్లకోటలో చిన్నప్పుడు పెరట్లో రణపాల ఉండేది. దెబ్బ తగిలితే ఆకును వేడి చేసి కట్టేవాళ్ళు. పుస్తకంలో పెడితే అంచుల వెంట పిల్లమొక్కలు వచ్చేవి. అదే ఆకు చరిత్రకెక్కిందని ఉద్యోగం మానేశాక చదివాను. బెంజమిన్ హైన్ అని ఒక మిషనరీ వైద్యుడు, మొక్కల పిచ్చివాడు, 1793లో రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రజ్ఞుడి తర్వాత మా సామర్లకోటలోనే ఈస్టిండియా కంపెనీవాళ్ళ తోటల బాధ్యత తీసుకున్నాడు. ఆయన 1813లో లండన్‌లోని లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్తకు ఒక ఉత్తరం రాశాడు. విషయం రణపాల ఆకు రుచి. పొద్దున నమిలితే చుక్కకూరలా పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి చప్పబడింది, సాయంత్రానికి కాస్త చేదు తేలింది. ఎందుకో ఆయనకు తెలియదు. ఎందుకో తెలియడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది. ఇలాంటి మొక్కలు చాలావరకు పగటి ఎండకు జడిసి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, రాత్రి తెరుస్తాయి. చీకట్లో పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును పులుపుగా మార్చి ఆకులో దాచుకుంటాయి, పగలు వెలుతురు రాగానే ఆ పులుపును ఖర్చుపెట్టి ఆహారం చేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున ఆకు పుల్లన. రణపాలదీ నా డాబా మీది దయ్యం మొక్కదీ ఒకటే కుటుంబం. ఆ కుటుంబం పేరుతోనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని పిలుస్తారు.

హైన్ గురించి నేను తరచూ ఆలోచించేది మాత్రం శాస్త్రం కోసం కాదు. ఒకే ఆకును పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే వేళ ఇంకోసారి నమిలి చూడాలని ఆయనకెందుకు తోచింది? ఒక్కసారి రుచి చూసి పుల్లన అని రాసి పారేస్తే ఎవరడిగారు? నేను ఆ నోటుపుస్తకాన్ని ఒక్కసారే చదివాను. రాత్రి పదిన్నరకు, ఇంకా ఇరవై పుస్తకాలు మిగిలి ఉండగా. పొద్దున లేచి ఇంకోసారి చదివి ఉంటే? చదివినా ఏమీ తెలిసేది కాదేమో. నాకు అప్పుడు తెలిసిన తెలుగు ఒక్క వేళదే.

ఇక్కడితో ఆగితే కథ అందంగా ఉండేది. ఆగలేదు. నా రెండో తప్పు మొదటి దానికంటే తెలివైనది.

రైల్లో ఆమె కలిశాక మొక్కను ముట్టుకోవడమే మానేశాను. నీళ్ళు పది పన్నెండు రోజులకోసారి, అదీ కుండీ అంచున. ఎవరు వచ్చినా, తాకొద్దు, తాకొద్దు. ఆగస్టులో ముసురు పట్టింది. ఆకుల సందుల్లో తెల్లతెల్లగా కనిపించింది. నూర్ అనుకున్నాను. పోయిన కాంతి తిరిగొస్తోందని మా ఆవిడను పిలిచి చూపించాను కూడా. మూడు వారాలకు కుండీ అంచున చీమలు బారు కట్టాయి, ఆకులు జిగటగా తయారయ్యాయి. మా అమ్మాయి వచ్చి వంగి చూసి, "నాన్నా, ఇది పిండినల్లి" అంది. అప్పటికే కాండం మెత్తబడింది.

అదే నెలల్లో మా గల్లీలో ఒక కుర్రాడికి పదో తరగతి తెలుగు చెబుతున్నాను. కళ్ళుకు బదులు కల్లు, గుణానికి బదులు గునం రాసేవాడు. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దడం, వాడి పలుకు వాడిది అనుకున్నాను. ఉదారంగా ఉన్నాననుకున్నాను. పరీక్ష పేపరు తెచ్చి చూపిస్తూ వాళ్ళమ్మ, "ఇవి మీరు చూడలేదా సార్?" అని నెమ్మదిగానే అడిగింది. చూశాను. చూసి ఊరుకున్నాను. ఎర్ర కలానికి భయపడి కన్ను కూడా మూసుకున్నాను.

పొడికీ పిండినల్లికీ తేడా తెలుసుకోవడం నిజానికి కష్టం కాదు. పొడి ఆకంతా ఒకేలా పరుచుకుంటుంది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. పురుగు మూలల్లో దాక్కుంటుంది, ముద్దలుగా, దూది తునకల్లా, ఆకు కాండానికి అతుక్కునే చోట. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్క నిమిషం చూస్తే చాలు. ఆ ఒక్క నిమిషం రెండుసార్లూ నేను పెట్టలేదు. మొదటిసారి నాకన్నీ తెలుసని, రెండోసారి నాకేమీ తెలియదని. రెండూ నా గురించిన ఆలోచనలే, మొక్క గురించి కాదు.

ఆపరేషన్ మా అమ్మాయే చేయించింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో సందుల్లో మాత్రమే, ఆకు ముఖానికి తగలకుండా, పురుగుల్ని తీశాను. మెత్తబడిన కాండానికి పైన, గట్టిగా ఉన్నచోట తల కోశాను. కోసిన తలను నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాను, గాయం పొరకట్టకుండా మట్టిలో గుచ్చితే కుళ్ళుతుంది. పాత రంగు డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు, గుప్పెడు ఎరువు వేసి నాటాను. రాలిన ఆకుల్ని పారేయలేదు. ఒక పళ్ళెంలో ఇసుక పరిచి ఊరికే దాని మీద పెట్టాను. అందులో నేను మేలో తుడిచిన ఆకులు కూడా ఉన్నాయి, నా వేలిముద్రలతో. నవంబరుకు వాటి మొదళ్ళలో గులాబీరంగు దారాల్లాంటి వేళ్ళు, వేళ్ళ పక్కన మినపగింజంత చిన్న చిన్న గులాబీలు. తల్లి ఆకు నీళ్ళూ సత్తువా వాటికిచ్చి తను కాగితంలా ఎండిపోయింది. ప్రతి చిన్న గులాబీ మీదా పొడి.

యాకూత్ అంటే కెంపు. ఈ పేట పేరుతో ఒకప్పుడు నగరం గోడకు దర్వాజా ఉండేది, ఇప్పుడు గోడా లేదు, దర్వాజా లేదు. దబీర్‌పురాది మాత్రం మిగిలింది. చలికాలపు ఎండకు పిల్లమొక్కల ఆకు కొసలు ఎర్రబడితే మా ఆవిడ, "ఇప్పుడు యాకుత్‌పురా మొక్కయింది" అంది. దయ్యం పేరు అలా పోయింది.

మృగశిర వెళ్ళాక ఒక ఆదివారం, రైల్లో కలిసిన ఆమె కూతురితో మా ఇంటికొచ్చింది. పుట్టింటికి వచ్చి అటే వెళుతూ మా ఇల్లు ఎక్కడో వాకబు చేసిందట. ఆ నోటుపుస్తకం గురించి చెప్పాలని నెలలుగా మాటలు కూడబెట్టుకున్నాను. టీ తాగాం. మామిడిపళ్ళ ధర మాట్లాడుకున్నాం. చివరికి అన్నాను, "ఎనిమిదో తరగతిలో నువ్వు మీ అవ్వ గురించి ఒక వ్యాసం రాశావు." ఆమె కాసేపు చూసింది. "యాదిలేదు సార్" అంది. నిజంగా మర్చిపోయిందో, నన్ను వదిలేసిందో నాకు తెలియదు. సార్ అన్నదని మాత్రం గమనించాను.

డాబా మీదికి తీసుకెళ్ళి ఒక పిల్లమొక్కను చిన్న డబ్బాతో సహా పాప చేతికిచ్చాను. పాప ముందు చేసిన పని ఆకు మీద వేలు పెట్టబోవడం. వద్దనబోయి ఆగాను. వేలు ఆకు దాకా వచ్చి తనంతట తానే ఆగింది.

"గీ తెల్లగున్నదేంది తాతా?"

"అది దానిదేనమ్మా. తుడవకు."

"ఏడ పెట్టాలె?"

పొద్దుగాల ఎండ తగిలేచోట అని చెప్పబోయాను. నోరు తిరగలేదు. "ఉదయపు ఎండ పడేచోట" అన్నాను.

పాప అర్థం కానట్టు తల్లి వైపు చూసింది, తర్వాత నా వైపు. "పొద్దుగాలదా?"

"ఆయ్" అన్నాను.